స్కాన్ చేసిన ప్లాను ఆటోక్యాడ్‌లో సరైన కొలతకు రావడం లేదు: 36 అడుగులు కుదిరితే 60 అడుగులు కుదరడం లేదు

సింహపురి గీతలు:
అందరికీ నమస్కారం. నెల్లూరులో ఒక డిజైన్ ఆఫీసులో డ్రాఫ్టింగ్ పని నేర్చుకుంటున్నాను. ఒక పాత ఇంటిపై మేడ వేయడానికి యజమాని తన దగ్గరున్న పాత ప్లానును స్కాన్ చేయించి పీడీఎఫ్‌గా పంపారు. స్థలం తూర్పు పడమరలు 36 అడుగులు, ఉత్తర దక్షిణాలు 60 అడుగులు, అంటే మన నెల్లూరు లెక్కలో (అంకణం 72 చదరపు అడుగులు) సరిగ్గా 30 అంకణాలు. ప్లాను కింద 1:100 అని రాసి ఉంది. దాన్ని కంప్యూటరులో ప్లాన్లు గీసే ఆటోక్యాడ్ ప్రోగ్రాంలోకి తెచ్చి, స్కేల్ కమాండ్‌లోని రిఫరెన్స్ పద్ధతిలో అసలు కొలతకు పెంచుతున్నాను. బయటి గోడ మందం 9 అంగుళాలను ఆధారంగా తీసుకుంటే 60 అడుగుల వైపు 61 అడుగుల 4 అంగుళాలు చూపిస్తోంది. 36 అడుగుల వైపును ఆధారంగా తీసుకుంటే 60 అడుగుల వైపు 59 అడుగుల 9 అంగుళాలే వస్తోంది. పిల్లర్ల స్థానాలు ఈ డ్రాయింగు మీదనే గుర్తించాలి కాబట్టి ఏ కొలతను నమ్మాలో, ఏ క్రమంలో పని చేయాలో పెద్దలు తెలియజేయగలరు.

కావలి సివిల్:
మీరు అడిగిన దాంట్లో రెండు వేర్వేరు తేడాలు ఉన్నాయి. ముందు 9 అంగుళాల గోడ సంగతి చూద్దాం. 1:100 స్కేలులో ఆ గోడ కాగితం మీద 2.29 మిల్లీమీటర్ల మందమే ఉంటుంది. స్కాన్ చేసిన గీతకు తనదైన మందం ఉంటుంది, అంచులు మసకగా ఉంటాయి. మీరు పాయింటు పెట్టేటప్పుడు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు అటూ ఇటూ అయినా, 2.29లో అది రెండు శాతం దాటుతుంది. అదే రెండు శాతం 60 అడుగుల మీద అడుగుంబావు అవుతుంది. మీకు వచ్చిన 61 అడుగుల 4 అంగుళాలకు కారణం ఇదే అయి ఉంటుంది. అంతే తప్పు 60 అడుగుల గీత మీద, అంటే కాగితం మీద 183 మిల్లీమీటర్ల గీత మీద జరిగితే, అసలు కొలతలో తేడా అంగుళంలో అయిదో వంతు మాత్రమే. కాబట్టి డ్రాయింగులో మీకు నిజమైన కొలత తెలిసిన గీతల్లో అన్నిటికంటే పొడవైన దాన్నే ఆధారంగా తీసుకోవాలి. గోడ మందం, తలుపు వెడల్పు, మెట్టు వెడల్పు లాంటి పొట్టి కొలతలు తర్వాత సరిచూసుకోవడానికి మాత్రమే పనికివస్తాయి.

విస్తీర్ణం లెక్కలో ఈ తేడా ఇంకా పెద్దదవుతుంది. పొడవు ఎంత నిష్పత్తిలో పెరిగితే విస్తీర్ణం దాని వర్గం చొప్పున పెరుగుతుంది. 60 అడుగులు 61 అడుగుల 4 అంగుళాలైతే 2160 చదరపు అడుగులు 2257 అవుతాయి. మన 72 చదరపు అడుగుల అంకణంతో భాగిస్తే 30 అంకణాల స్థలం 31.35 అంకణాలుగా కనిపిస్తుంది. లేని స్థలం ఒక అంకణానికి పైగా డ్రాయింగులోకి వచ్చి చేరుతుంది.

పద్ధతి విషయానికొస్తే, మొదట యూనిట్స్ కమాండ్‌లో మీరు ఏ యూనిట్‌లో గీస్తున్నారో తేల్చుకోండి. అక్కడ యూనిట్ మార్చినంత మాత్రాన ఇప్పటికే గీసి ఉన్న గీతల పొడవు మారదు. ఆ అమరిక బయటి నుంచి వచ్చే బ్లాకులను (ఒకే వస్తువుగా కట్టిన గీతల గుంపులను), ఎక్స్‌రెఫ్‌లను (జోడించిన వేరే డ్రాయింగు ఫైళ్లను) ఏ నిష్పత్తిలో తీసుకోవాలో ఆటోక్యాడ్‌కు చెప్పడానికి మాత్రమే. తర్వాత స్కేల్ కమాండ్ ఇచ్చి, బొమ్మ మొత్తాన్ని ఎంచుకుని, స్థలం మూలను బేస్ పాయింట్‌గా చూపించి, ఆర్ అని టైపు చేసి ఎంటర్ నొక్కండి. 60 అడుగుల గీత రెండు కొసలను చూపించి, కొత్త పొడవుగా అంగుళాల్లో గీస్తుంటే 720, మిల్లీమీటర్లలో గీస్తుంటే 18288 ఇవ్వండి. నిష్పత్తిని మీరు చేత్తో లెక్కగట్టి సగంలో తెంచి టైపు చేయవద్దు. మిల్లీమీటర్ల నుంచి అంగుళాలకు మార్చడానికి చాలామంది 0.0394 అని ఇస్తారు. ఆ ఒక్క గుండ్రం చేయడం వల్ల 100 అడుగుల దగ్గర దాదాపు అంగుళం తేడా వస్తుంది. దానికి బదులు రిఫరెన్స్ పొడవుగా 25.4, కొత్త పొడవుగా 1 ఇస్తే ఆటోక్యాడే కచ్చితంగా భాగించుకుంటుంది.

ఒంగోలు కొలతలు:
కావలి సివిల్ గారు చెప్పిన దానితో ఏకీభవిస్తున్నాను. రెండో తేడా, అంటే 36 కుదిరితే 60 దగ్గర మూడు అంగుళాలు తగ్గడం, మీ చేతిలో జరిగింది కాదు. పెద్ద కాగితాలను రోలర్ల మధ్య లాగే స్కానర్లలో, కాగితం కదిలే దిశలో కొలత కొద్దిగా సాగడమో కుదించుకుపోవడమో జరుగుతుంది, అడ్డ దిశలో మాత్రం అంతగా మారదు. దానికి తోడు పాత కాగితం తేమకు రెండు దిశల్లో ఒకే తీరుగా పెరగదు, మడతల దగ్గర ఇంకొంత పోతుంది. అందువల్ల అడ్డానికి ఒక నిష్పత్తి, నిలువుకు మరొక నిష్పత్తి ఏర్పడుతుంది. స్కేల్ కమాండ్ రెండు దిశలనూ ఒకే నిష్పత్తిలో మారుస్తుంది కాబట్టి దానితో ఎన్నిసార్లు ప్రయత్నించినా ఈ తేడా పోదు.

దీనికి ఒక మార్గం ఉంది. ముందు స్కాను బొమ్మను తిప్పి, స్థలం అంచు అడ్డ గీతకు సరిగ్గా సమాంతరంగా ఉండేలా చూడండి. 36 అడుగుల వైపును ఆధారంగా తీసుకుని స్కేల్ చేయండి. బొమ్మ మీద గీతలు గీసుకుని, ఆ గీతలన్నిటినీ స్థలం మూల బేస్ పాయింట్‌గా ఒక బ్లాకుగా కట్టండి. ప్రాపర్టీస్‌లో ఆ బ్లాకు వై స్కేలును (నిలువు దిశ నిష్పత్తిని) 720 భాగం 717, అంటే 1.004184 చేయండి. అప్పుడు 59 అడుగుల 9 అంగుళాలు 60 అడుగులవుతాయి, 36 అడుగులు కదలవు.

తర్వాత తప్పనిసరిగా కర్ణం గీతను కొలవండి. 36, 60 అడుగుల దీర్ఘచతురస్రాకార స్థలానికి ఎదురెదురు మూలల మధ్య దూరం 69.97 అడుగులు రావాలి. రెండు వైపులూ సరిపోయి ఈ కర్ణం కొలత సరిపోకపోతే, స్కాను ఒక పక్కకు వాలిందనో, స్థలం అసలు లంబకోణంలో లేదనో అర్థం. ఈ రెండింటిలో ఏది నిజమో తెలుసుకోవడానికి టేపు పట్టుకుని స్థలానికి వెళ్లడం తప్ప వేరే దారి లేదు.

సింహపురి గీతలు:
ఇద్దరికీ ధన్యవాదాలు. వై స్కేలు మార్చగానే 60 అడుగులు కుదిరింది. అయితే బ్లాకులో గుండ్రంగా ఉన్న బావి వలయం కోడిగుడ్డు ఆకారంలోకి మారింది. అడ్డంగా ఉన్న గోడల మందం కూడా 9 అంగుళాల కంటే కొద్దిగా ఎక్కువ చూపిస్తోంది. దీన్ని అలాగే వదిలేయవచ్చా?

కావలి సివిల్:
వదిలేయకూడదు. ఈ కారణం చేతనే ఇంటి ప్లాన్ల విషయంలో నేను ఒంగోలు కొలతలు గారి పద్ధతితో విభేదిస్తున్నాను. రెండు దిశలకు రెండు నిష్పత్తులు ఇచ్చిన బొమ్మలో ప్రతి గుండ్రం దీర్ఘవృత్తమవుతుంది, ఏటవాలు గోడల కోణం మారుతుంది, గోడల మందాలు దిశను బట్టి వేర్వేరుగా వస్తాయి. అది చూడటానికి ప్లానులా ఉంటుందే తప్ప దాని మీద పునాది గుర్తులు పెట్టడానికి పనికిరాదు. పాత ప్లానులో గదుల లోపలి కొలతలు అంకెల్లో రాసి ఉంటాయి. స్కాను నకలులో అయినా సరే, మనం పాటించవలసింది ఆ అంకెలనే. మంచి ఆఫీసుల డ్రాయింగుల్లో, రాసిన కొలతలనే తీసుకోవాలి, కాగితాన్ని స్కేలుతో కొలవకూడదు అని ఒక సూచన ఉంటుంది. స్కానుకూ అదే వర్తిస్తుంది. స్కాను బొమ్మను వేరే లేయరులో లేత రంగులో ఉంచి, లాక్ చేసి, దాని మీద రాసి ఉన్న 10 అడుగుల 6 అంగుళాలు, 12 అడుగులు లాంటి అంకెలతో గోడలను కొత్తగా గీయండి. ఏ గది ఎక్కడుందో, తలుపు ఏ వైపు తెరుచుకుంటుందో తెలుసుకోవడానికి స్కాను చాలు. ఒక చిన్న ఇంటి ప్లాను తిరిగి గీయడానికి పూట కూడా పట్టదు.

ఇంకొక మాట. లోపలి గదుల కొలతలు, గోడల మందాలు వరుసగా కూడితే బయటి మొత్తం కొలత రావాలి. పాత ప్లాన్లలో ఈ కూడిక తప్పడం చాలా తరచుగా కనిపిస్తుంది. తేడా ఉంటే ఏ గదికి సర్దాలో మీరు నిర్ణయించవద్దు. ఇంట్లో ఆ వరుసను కొలిచి చూడండి.

ఒంగోలు కొలతలు:
కొలతలు అంకెల్లో రాసి ఉన్న ఇంటి ప్లానుకు మీ పద్ధతే సరైనదని ఒప్పుకుంటాను. నేను చెప్పిన సవరణ అంకెలు లేని పటాలకు, ముఖ్యంగా పాత గ్రామ పటాలకు. అక్కడ తిరిగి గీయడానికి మన దగ్గర గీత తప్ప వేరే ఆధారం ఉండదు.

ఒక చిన్న విషయం కూడా చెప్పాలి. వచ్చిన పీడీఎఫ్ నిజంగా స్కానేనా, లేక కంప్యూటరు నుంచి నేరుగా తీసినదా అన్నది ముందే చూసుకోవాలి. బాగా జూమ్ చేసినా గీత చెదరకుండా సన్నగా ఉంటే అది నేరుగా తీసిన పీడీఎఫ్. అలాంటి దాన్ని ఆటోక్యాడ్ 2017 నుంచి ఉన్న పీడీఎఫ్ ఇంపోర్ట్ కమాండ్‌తో గీతలుగానే తెచ్చుకోవచ్చు. అందులో అడ్డానికీ నిలువుకూ తేడా సాధారణంగా ఉండదు, ఒక పొడవైన కొలతతో స్కేల్ చేస్తే సరిపోతుంది.

చీమకుర్తి రాయి:
మా వైపు గ్రానైట్ కటింగ్‌లో ఈ సమస్యే వేరే రూపంలో వస్తుంది, అందుకని రాస్తున్నాను. వంటగది గట్టు పలకల డ్రాయింగులు మాకు బయటి నుంచి డీఎక్స్ఎఫ్ ఫైళ్లుగా (ఒక ప్రోగ్రాం నుంచి మరొకదానికి డ్రాయింగులు పంపే రకం) వస్తాయి. యంత్రాలకు బాగా సరిపోతుందని చాలామంది పాత ఆర్12 రకంలో దాచి పంపుతారు. ఆ రకం ఫైలులో అంకెలు ఉంటాయే కానీ అవి అంగుళాలో మిల్లీమీటర్లో చెప్పే సమాచారం ఉండదు. అంగుళాల్లో గీసిన 24 అంకెను మిల్లీమీటర్లలో చదివే యంత్రం 24 మిల్లీమీటర్లుగానే తీసుకుంటుంది. అంత పెద్ద తేడా అయితే ఎవరికైనా కంటికి కనిపిస్తుంది. కనిపించని తేడా ఎక్కడ వస్తుందంటే, ఆ పొరపాటును చూసి ఎవరో కంగారుగా 25 తో గుణించినప్పుడు వస్తుంది. 25.4 బదులు 25 వాడితే 8 అడుగుల పలకలో 38 మిల్లీమీటర్లు తగ్గిపోతాయి. తెరమీద అది కనిపించదు, గోడకు ఆనించినప్పుడే కనిపిస్తుంది. రాయిని ఒకసారి కోశాక మళ్లీ అతికించలేము. అందుకే ఫైలు పంపేటప్పుడు డ్రాయింగు పక్కనే సరిగ్గా 100 మిల్లీమీటర్ల పక్కలున్న ఒక చతురస్రం గీసి పంపమని అందరినీ అడుగుతాను. ఫైలు తెరవగానే దాన్ని కొలిస్తే యూనిట్ల సంగతి తేలిపోతుంది.

సైజు మార్చడం అనగానే స్కేల్ కమాండ్ వాడటం గురించి కూడా చెప్పాలి. గట్టులో సింకు కోసం 600, 450 మిల్లీమీటర్ల గుంట ఉందనుకుందాం. చుట్టూ ఒక మిల్లీమీటరు ఖాళీ కావాలని 600ను 602 అయ్యేలా స్కేల్ చేస్తే, 450 కాస్తా 451.5 అవుతుంది, 452 కాదు. దానితో పాటు ఎంచుకుని ఉంటే 35 మిల్లీమీటర్ల కుళాయి రంధ్రం కూడా పెరుగుతుంది. చుట్టూ సమానంగా ఖాళీ కావాలంటే ఆఫ్‌సెట్ కమాండ్‌తో ఒక మిల్లీమీటరు బయటికి గీయాలి. వాటర్‌జెట్ (నీటి ధారతో కోసే యంత్రం) కోత వెడల్పుకు సర్దుబాటు కూడా ఆఫ్‌సెట్ లెక్కే, స్కేల్ లెక్క కాదు. గట్టు పొడవు 8 అడుగుల నుంచి 9 అడుగులు కావాలంటే స్ట్రెచ్ కమాండ్ వాడాలి. సింకు, పొయ్యి గుంటలు తమ సైజులోనే ఉండి, మధ్యనున్న రాయి మాత్రమే పెరగాలి. ఇంటి ప్లానులోనూ ఇంతే. యజమాని హాలు రెండడుగులు పెంచమన్నాడని ప్లానును స్కేల్ చేస్తే 9 అంగుళాల గోడలు, మూడడుగుల తలుపులు అన్నీ పెరిగిపోతాయి. వస్తువు సైజు మారాలా, దాని కొలత తప్పుగా ఉన్నందువల్ల సరిచేయాలా అన్నది ముందు తేల్చుకోవాలి. కొలత తప్పుగా ఉన్నప్పుడే స్కేల్ కమాండ్ పని.

సింహపురి గీతలు:
మీరు చెప్పినట్టే గోడలు కొత్తగా గీయడం మొదలుపెట్టాను. ఈలోగా మా ఆఫీసులో ఒక ప్రశ్న వచ్చింది. కాగితం మీద 1:100 రావాలి కాబట్టి డ్రాయింగునే వందో వంతుకు తగ్గించి గీస్తే మంచిదని ఒకరన్నారు. అది సరైనదేనా?

పెన్నా ఒడ్డు:
సరైనది కాదు. బల్ల మీద కాగితం పరచి గీసే రోజుల్లో కాగితం చిన్నది, ఇల్లు పెద్దది కాబట్టి గీసేవారే తగ్గించి గీయక తప్పేది కాదు. కంప్యూటరులో ఆ అవసరం లేదు. మోడల్ స్పేస్‌లో, అంటే మనం గీసే చోట, ఇల్లు ఇల్లంత సైజులోనే ఉండాలి. తగ్గించడం అన్నది లేఅవుట్‌లోని (ప్రింటు కాగితాన్ని అమర్చే చోటులోని) వ్యూపోర్ట్, అంటే మోడల్‌ను చూపించే కిటికీ, చేయవలసిన పని. డ్రాయింగునే వందో వంతుకు తగ్గిస్తే, కొలతల అంకెలు సరిగా కనిపించడానికి డిమ్‌ఎల్‌ఫ్యాక్ (కొలత అంకెను గుణించే అమరిక) విలువను 100 చేయవలసి వస్తుంది. అప్పటి నుంచి తెరమీద రాసి ఉన్న అంకె ఒకటి, గీత అసలు పొడవు ఒకటి అవుతాయి. ఆ ఫైలును ఇంకొకరు తీసుకుని డిస్ట్ కమాండ్‌తో కొలిస్తే వాళ్లకు 60 అడుగుల బదులు 7 అంగుళాల చిల్లర వస్తుంది. అదే ఫైలులో రేపు 1:50లో ఒక గది వివరం చూపించాలంటే ఆ గదిని ఇంకొక సైజులో గీయవలసి వస్తుంది. నిజమైన సైజులో ఉంటే ఒకే మోడల్‌ను ఒక వ్యూపోర్ట్‌లో 1:100గా, పక్క వ్యూపోర్ట్‌లో 1:50గా చూపించవచ్చు.

వ్యూపోర్ట్ నిష్పత్తి దగ్గర యూనిట్లను మరిచిపోవద్దు. కాగితం మిల్లీమీటర్లలో ఉండి, మోడల్ కూడా మిల్లీమీటర్లలో ఉంటే 1:100కు విలువ 0.01. మోడల్ మీటర్లలో ఉంటే అదే 1:100కు 10 ఇవ్వాలి. అడుగు ఒక యూనిట్‌గా గీస్తే 3.048, అంగుళం ఒక యూనిట్‌గా గీస్తే 0.254. జాబితాలో కనిపించే 1:100ను ఎంచుకుంటే చాలనుకుని, మోడల్ అంగుళాల్లో ఉన్న సంగతి మరిచిపోవడం వల్లే తప్పు ప్రింట్లు ఎక్కువగా వస్తాయి. విలువ ఇచ్చిన తర్వాత వ్యూపోర్ట్‌ను లాక్ చేయండి. లేకపోతే మౌసు చక్రం తిరిగిన ప్రతిసారీ స్కేలు మారిపోతుంది.

ప్రింటు ఇచ్చేటప్పుడు లేఅవుట్‌ను 1:1లో ఇవ్వాలి, కాగితానికి సరిపడా కుదించే అమరికను తీసేయాలి. పీడీఎఫ్‌గా తీసి ప్రింటు షాపులో ఇచ్చినా ఇదే జాగ్రత్త అక్కడ మళ్లీ అవసరం, ఎందుకంటే చాలా ప్రింటర్లు అడగకుండానే అంచుల కోసం కొద్దిగా కుదిస్తాయి. మీ స్థలం 1:100లో దాదాపు 183, 110 మిల్లీమీటర్లు, ఏ4 కాగితంలోనే పడుతుంది. 1:50 అయితే 366, 220 మిల్లీమీటర్లు, ఏ3 కావాలి. ప్రింటు చేతికి రాగానే 60 అడుగుల గీతను ఉక్కు స్కేలుతో కొలవండి. 183 దగ్గర లేకపోతే ఆ కాగితాన్ని బయటికి ఇవ్వవద్దు. షీటు మూలలో స్కేలు పట్టీ గీసి ఉంచితే, జిరాక్సులో కాగితం కుదించుకున్నా పట్టీ కూడా అంతే కుదించుకుంటుంది కాబట్టి చదివేవారికి ఆధారం మిగులుతుంది.

ఇందుకూరుపేట ఆక్వా:
చర్చ చాలా ఉపయోగకరంగా ఉంది. నా పని రొయ్యల చెరువుల లేఅవుట్లు వేయడం. పాత సర్వే కాగితంలో కొలతలు లింకుల్లో ఉన్నాయి. సర్వేయరు ఇచ్చిన జీపీఎస్ పాయింట్లు మీటర్లలో, పెద్ద పెద్ద అంకెలతో ఉన్నాయి. ఈ రెండింటినీ ఒకే డ్రాయింగులోకి తెచ్చేటప్పుడు దేన్ని దేనికి స్కేల్ చేయాలి? ఒక గీతను మరొకదాని మీద కూర్చోబెట్టే అలైన్ కమాండ్‌తో రెండు గట్టు రాళ్లను (హద్దు రాళ్లను) కలిపితే, స్కేల్ చేయమంటావా అని అడుగుతోంది. అవును అనాలా, కాదు అనాలా?

ఒంగోలు కొలతలు:
మంచి ప్రశ్న. లింకుల సంగతి ముందు చూద్దాం. గంటర్ గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు. ఒక లింకు 0.66 అడుగు, అంటే 0.201168 మీటరు. మన జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పటి సర్వే కాగితాలు చాలావరకు ఈ లెక్కనే నడిచాయి. ఈ కొలమానంలో ఒక గొప్ప సౌకర్యం ఉంది. లక్ష చదరపు లింకులు ఒక ఎకరం, వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. కాబట్టి లింకుల్లో ఉన్న కొలతలను ఒక లింకు ఒక యూనిట్‌గా అలాగే గీయండి. గీత మూసుకున్నాక ఏరియా చూసి వెయ్యితో భాగించండి. రికార్డులో రాసి ఉన్న సెంట్లు వస్తే మీరు అంకెలు సరిగ్గా చదివారని తెలుస్తుంది. ఆ తర్వాతే 0.201168తో స్కేల్ చేసి మీటర్లకు మార్చండి. సరిచూసుకోకముందే మార్చితే, తప్పు అంకె ఎక్కడ పడిందో పట్టుకోవడం కష్టమవుతుంది. అంకెలు లేకుండా పాత గ్రామ పటం మాత్రమే ఉంటే, మైలుకు 16 అంగుళాల పటంలో అంగుళం అయిదు గొలుసులు, అంటే 330 అడుగులు. ఒక చదరపు అంగుళం రెండున్నర ఎకరాలు. అందులో పెన్సిలు గీత మందమే నేల మీద కొన్ని అడుగులవుతుంది కాబట్టి దాని నుంచి గట్ల హద్దులు తీయకండి.

జీపీఎస్ పాయింట్లను మాత్రం ఎప్పుడూ కదిలించవద్దు, స్కేల్ చేయవద్దు. యూటీఎం అంటే భూమిని మండలాలుగా (జోన్లుగా) విభజించి మీటర్లలో స్థానం చెప్పే పద్ధతి, మన ప్రాంతం అందులో 44వ మండలంలో ఉంది. నెల్లూరు దగ్గర ఈస్టింగు (తూర్పు దిశ అంకె) 3,90,000, నార్తింగు (ఉత్తర దిశ అంకె) 15,97,000 మీటర్ల ప్రాంతంలో ఉంటాయి. ఆ అంకెలే ఆ పాయింటు చిరునామా. వాటిని మిల్లీమీటర్లకని వెయ్యితో పెంచినా, ఏదో ఒక మూలను బేస్ పాయింట్‌గా పెట్టి స్కేల్ చేసినా ఆ చిరునామా పోతుంది, మళ్లీ సర్వేయరు పరికరంలోకి ఎక్కించలేరు. చెరువు తూముదో, మోటారు షెడ్డుదో వివరం మిల్లీమీటర్లలో ఉంటే దాన్నే వెయ్యో వంతుకు తగ్గించి ఈ డ్రాయింగులోకి తేవాలి.

ఇక అలైన్ ప్రశ్న. టేపుతోనో టోటల్ స్టేషన్ అనే సర్వే పరికరంతోనో నేల మీద కొలిచిన గీతలను జీపీఎస్ పాయింట్ల మీద కూర్చోబెడుతున్నప్పుడు కాదు అనే సమాధానమే ఇవ్వండి. అవును అంటే మొదటి రాయి, రెండో రాయి రెండూ చక్కగా కలిసినట్టు కనిపిస్తాయి. కానీ ఆ కలపడం కోసం మీరు కష్టపడి కొలిచిన ప్రతి దూరాన్నీ ఆటోక్యాడ్ మార్చేస్తుంది, ఎంత మార్చిందో చెప్పదు. కాదు అంటే మొదటి రాయి కలుస్తుంది, రెండో రాయి దగ్గర ఎంత తేడా ఉందో కంటికి కనిపిస్తుంది. ఆ తేడాను మీరు చూడాలి. కొంత తేడా సహజంగానే ఉంటుంది. యూటీఎంలో మధ్యరేఖ దగ్గర దూరాలు 0.9996 వంతుకు తగ్గించి చూపిస్తారు. మన మండలం మధ్యరేఖ 81 డిగ్రీల తూర్పు రేఖాంశం, అది మనకు తూర్పున సముద్రంలో సుమారు 110 కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్కడి నుంచి ఇక్కడికి వచ్చేసరికి ఆ నిష్పత్తి దాదాపు 0.99975 అవుతుంది. అంటే నేల మీద కిలోమీటరు ఉన్న గట్టు జీపీఎస్ పాయింట్ల ప్రకారం 25 సెంటీమీటర్లు తక్కువగా కనిపిస్తుంది. 200 మీటర్ల చెరువు గట్టుకైతే అయిదు సెంటీమీటర్లు. మీ తేడా ఈ లెక్కకు దగ్గరగా ఉంటే అది తప్పు కాదు. అర మీటరో మీటరో ఉంటే మాత్రం రాయి కదిలిందనో, వేరే రాయిని పట్టుకున్నామనో అనుమానించాలి. పక్క రైతుతో హద్దు తగాదాలు మొదలయ్యేది సరిగ్గా అక్కడే కాబట్టి స్కేల్ కమాండ్‌తో దాన్ని కప్పిపెట్టకూడదు.

స్కాను చేసిన గ్రామ పటాన్ని కూర్చోబెట్టేటప్పుడు మాత్రం సంగతి వేరు. అక్కడ రెండు రాళ్లతో ఆపకుండా, నేల మీద ఈ రోజుకీ నిలిచి ఉన్న గట్టు రాళ్లను నాలుగు మూలలా తీసుకుని, ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ అనే పటాల ప్రోగ్రాంలోని జియోరెఫరెన్సర్‌లో (పటాన్ని నేల మీది స్థానాలకు కలిపే సాధనంలో) పెట్టండి. ఒక్కొక్క పాయింటు దగ్గర ఎంత తేడా మిగిలిందో అది అంకెల్లో చూపిస్తుంది.

ఇందుకూరుపేట ఆక్వా:
ఎంతో వివరంగా చెప్పారు, ధన్యవాదాలు. కాదు అని పెట్టి చూశాను. 180 మీటర్ల గట్టుకు నాలుగు సెంటీమీటర్ల చిల్లర తేడా వచ్చింది, మీరు చెప్పిన లెక్కకు సరిపోయింది. పడమటి వైపు గట్టుకు మాత్రం డెబ్భై సెంటీమీటర్లు ఉంది. పక్క చెరువు వారిని కూడా పిలిచి ఆ రాయిని మళ్లీ కొలిపిస్తాను.

సింహపురి గీతలు:
మా ప్లాను అంతా రాసిన అంకెలతో తిరిగి గీశాను. ఇంటికి వెళ్లి కొలిస్తే స్థలం 36, 60 అడుగులే ఉంది, కర్ణం 69 అడుగుల 11 అంగుళాల పైచిలుకు వచ్చింది. వంటగది వరుసలో మాత్రం పాత ప్లాను కూడిక మూడంగుళాలు తప్పింది. గోడ అక్కడ 9 అంగుళాలు కాదు, నాలుగున్నర అంగుళాలే ఉంది, దాని మీద పూత. ఆ వరుసను సరిచేశాను. ఒక చివరి సందేహం. యజమాని దగ్గర దొరికిన ఇంకొక ఫైలులో మెట్ల వివరం మిల్లీమీటర్లలో ఉంది. దాన్ని అంగుళాలకు మార్చి తెచ్చాక కొన్ని కొలతల అంకెలు మారాయి, కొన్ని పాతవే చూపిస్తున్నాయి. చుక్కల గీతలు కూడా వింతగా సాగిపోయాయి.

పెన్నా ఒడ్డు:
మారని అంకెలు చేత్తో టైపు చేసినవి. డైమెన్షన్‌ను (కొలత చూపించే గీతను) ఎంచుకుని ప్రాపర్టీస్‌లో టెక్స్ట్ ఓవర్‌రైడ్ అనే చోట అంకె ఉంటే ఎవరో గీత పొడవుతో సంబంధం లేకుండా రాశారని అర్థం. క్విక్ సెలెక్ట్‌లో ఆ గడి ఖాళీగా లేని డైమెన్షన్లన్నిటినీ ఒకేసారి పట్టుకుని, ముందు వాటి అంకెలను ఒక కాగితం మీద రాసుకుని, తర్వాత గడిని ఖాళీ చేయండి. అప్పుడు కనిపించేదే గీత నిజమైన పొడవు. రాసుకున్న అంకెకూ దానికీ తేడా ఉన్న చోట మెట్టు వెడల్పు, ఎత్తు నేరుగా కొలవాలి. ఎందుకంటే మేడ మెట్లలో ఒక మెట్టుకు అర అంగుళం తేడా ఉన్నా, పైకి చేరేసరికి చివరి మెట్టు మిగతావాటి కంటే ఎత్తో పల్లమో అవుతుంది.

డైమెన్షన్ అంకెల అక్షరాల సైజు స్కేల్ కమాండ్‌తో మారదు, అది డైమెన్షన్ స్టైల్ చేతిలో ఉంటుంది. అంకెలు మరీ పెద్దగా కనిపిస్తే ఆ స్టైల్‌లోనే మార్చండి. చుక్కల గీతల సంగతీ అంతే. గీత చిన్నదైనా చుక్కల మధ్య దూరం పాత ఎల్‌టీస్కేల్ (చుక్కల గీతలన్నిటి సైజును నిర్ణయించే అమరిక) ప్రకారమే ఉంటుంది కాబట్టి ఆ విలువను 25.4తో భాగించి ఇవ్వండి. మీ డ్రాయింగులో అంతకు ముందే అంగుళాల్లో గీసిన చుక్కల గీతలు ఉంటే ఎల్‌టీస్కేల్ వాటిని కూడా మారుస్తుంది, అలాంటప్పుడు మెట్ల గీతలను మాత్రమే ఎంచుకుని ప్రాపర్టీస్‌లో వాటి లైన్‌టైప్ స్కేలును తగ్గించండి.